పదమూడో ప్రశ్నకు ఉదాహరణ

నేను రాసిన తెలుగు మా వీధిలో ఎవరికీ అర్థం కాలేదు. ఇప్పుడు నవ్వుతూ చెప్పగలుగుతున్నాను గానీ అప్పట్లో తల కొట్టేసినట్టయింది. సైకాలజీలో ఎమ్మే చేసి, ఎల్బీనగర్ దగ్గర ఒక మానసిక వైద్యుల క్లినిక్‌లో పరిశోధన సహాయకురాలిగా చేరిన కొత్త. ఓసీడీ ఉన్నవాళ్లను గుర్తుపట్టడానికి ఇంగ్లిషులో ఉన్న ఒక ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చే పని నా నెత్తిన పడింది. చేతులు తోలు ఊడేదాకా కడుక్కోవడం, తాళం వేశామా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి చూసుకోవడం, వద్దన్నా వచ్చి మనసును పీడించే ఆలోచనలు... ఇలాంటి వాటి మీద ఇరవై ప్రశ్నలు. మా నాన్నగారు ఉద్యోగం మీద తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన మనిషి. మా ఇంట్లో అందరికీ మన తెలుగే తెలుగన్న గర్వం కాస్త ఎక్కువ. ఆ గర్వంతోనే నేను "పునరావృతమయ్యే అవాంఛిత ఆలోచనలు" అని రాసి, రెండుసార్లు పైకి చదువుకుని, మురిసిపోయాను.

మొదట మా వీధి మొదట్లో కర్రీ పాయింట్ నడిపే ఆయన చేతికిచ్చాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏంది మేడం ఇది, కోర్టు నోటీసా?" అన్నాడు. పక్కన సాంబారు కట్టించుకుంటున్న హాస్టల్ పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు ఒళ్లు మండింది. మూడు రోజులు ఆయన దగ్గర కూర కొనలేదు.

మా పెద్ద డాక్టరుగారు మాత్రం సంతోషించారు. "అందుకే కదమ్మా పరీక్షించేది" అన్నారు. పరీక్ష మనుషులకు కాదు, మాటలకు. ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్నా చదివి వినిపించాలి. నా దగ్గరున్న కాగితంలో ప్రతి ప్రశ్నకూ మూడు గళ్లు ఉండేవి: అర్థమైందా, తిరిగి మీ మాటల్లో ఎలా చెబుతారు, ఒక ఉదాహరణ ఇవ్వండి. "మీకు అలా ఉందా" అన్న గడి లేదు. మనకు కావలసింది వాళ్ల జబ్బు కాదు కాబట్టి ఉండనక్కర్లేదు. ఇంకో నియమం కూడా ఉండేది. మధ్యలో వాళ్లేమైనా అడిగినా, ఇరవై ప్రశ్నలూ అయ్యేదాకా మనం ఏమీ వివరించకూడదు. మనం నోరు విప్పితే మిగతా జవాబులు మన మాటల్నే పట్టుకుంటాయి.

నియమాలు బాగానే ఉన్నాయి, మనుషులే దొరకలేదు. మొదటి ప్రశ్న చదవగానే "నాకేం రోగం?" అని లేచిపోయేవాళ్లు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర గాజులమ్మే ఒకామె అయితే, నా వెంట ఏదో దయ్యం వచ్చినట్టు చీర కొంగు తల మీద వేసుకుంది. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. "మీ గురించి కాదండీ. ఊరికే అనుకోండి. ఎవరికో ఒకరికి ఇలా ఉంటే, వాళ్లు ఎలా చెప్పుకుంటారు?" అని అడగడం మొదలుపెట్టాను. నోళ్లు తెరుచుకున్నాయి. మన జనం తమ సంగతి చెప్పమంటే బిగుసుకుపోతారు గానీ, పక్కింటావిడ సంగతి చెప్పమంటే ప్రాణం లేచొస్తుంది కదా! క్లినిక్‌లో అందరి ముందూ డాక్టరుగారు ఆ ఉపాయాన్ని మెచ్చుకున్నారు. ఆ రోజు మెట్రోలో ఇంటికొస్తూ కిటికీ అద్దంలో నన్ను నేను చూసుకుని నవ్వుకోవడం గుర్తుంది.

మా వెనక సందులో మా అమ్మకు జాకెట్లు కుట్టే ఆంటీ ఉండేది. నలభై అయిదేళ్లుంటాయి. నల్గొండ దగ్గర ఊరు. భర్త కొత్తపేట పండ్ల మార్కెట్లో ట్రాలీ ఆటో నడిపేవాడు. ఏడో తరగతిదాకా చదువు, చురుకైన మనిషి, మాటకారి. మా అమ్మ కొలతలు పుస్తకంలో చూడకుండా చెప్పేది. "మీ మమ్మీ ఈ నడుమ సన్నబడ్డది, ఏం పరేషాన్ ఉందేమో అడుగు బిడ్డా" అని నన్ను పట్టుకుని చెప్పేది. ఇంతకన్నా మంచి మనిషి నాకు దొరుకుతుందా? పైగా ఎండలో తిరగక్కర్లేదు, రెండు నిమిషాల నడక.

నేను వెళ్లేసరికి ఆమె కూతురు పురుటికి వచ్చి ఉంది. తొలి కాన్పు, ఆడపిల్ల, పదహారు రోజులు. లోపలి గదిలో తల్లీబిడ్డలు పడుకుని ఉన్నారు, ముందు గదిలో కుట్టు మిషను. ఆంటీ నాకు స్టూలు వేసి, కుడుతున్న దారాన్ని పంటితో తెంపింది.

"కత్తెర ఏది ఆంటీ?"

"అటక మీద పెట్టిన. పసిపిల్ల ఉన్న ఇల్లు కద."

పదహారు రోజుల పిల్ల లేచి వెళ్లి కత్తెర పట్టుకోదన్న సంగతి నాకు తట్టలేదు. జాగ్రత్త గల మనిషి అనుకున్నాను. కటింగు పని కూడా కొన్నాళ్లుగా ఇంకో కొట్టుకు పంపిస్తోందని, అందుకే జాకెట్లు ఆలస్యమవుతున్నాయని మా అమ్మ విసుక్కుంటూనే ఉంది.

పన్నెండు ప్రశ్నలదాకా పరుగులాగా సాగింది. ఒక్కోదాన్నీ ఆమె ఎడమ చేత్తో తీసి కుడి చేత్తో కుట్టి పెట్టింది. "'పరిశుభ్రత పట్ల మితిమీరిన ఆందోళన' ఏంది బిడ్డా, 'ఎంత కడిగినా కడిగినట్టు అనిపియ్యదు' అని రాయి" అంది. రాసుకున్నాను. పదమూడో ప్రశ్న చదివాను. ఇష్టమైనవాళ్లకు తామే ఏదైనా హాని చేస్తామేమోనన్న ఆలోచన, వద్దనుకున్నా పదే పదే వస్తుందా అన్నది ఆ ప్రశ్న. ఆమె చక్రం మీద చెయ్యి ఆపేసింది.

"గట్ల అడిగితే ఎవ్వరు ఒప్పుకోరు" అంది.

"మీ గురించి కాదు ఆంటీ, ఊరికే అనుకోండి. ఎవరికో ఒకరికి."

"అయితే గిట్ల రాయి. ఒకామె ఉందనుకో. చేతిల కత్తెర ఉంటది. పక్కకు చంటిపిల్ల పండుకొని ఉంటది. ఆమెకు ఆ పిల్లంటే పానం. గప్పుడే మనసుల ఒకటి ఒస్తది, ఈ కత్తెరతోని పిల్లను ఏమన్న చేస్తనేమో అని. చెయ్యాలని ఉండదు. చేస్తనేమో అని బుగులు. అందుకని కత్తెర దాస్తది. కత్తెర దాసినా చేతులు ఉంటయి కద బిడ్డా. అందుకని పిల్ల దగ్గరికే పోదు."

నా పెన్ను ఆమె మాటను అందుకోలేకపోయింది. "ఎంత బాగా చెప్పారు ఆంటీ! ఒక్క ముక్క తప్పిపోయింది, మళ్లీ చెప్పండి" అన్నాను. ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి లోపలి గది వైపు చూస్తూ, గొంతు తగ్గించి చెప్పింది. "కొంచెం గట్టిగా ఆంటీ" అన్నాను నేను. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

రాయడం అయ్యాక ఆమె అడిగింది: "గసుంటోళ్లు... నిజంగ చేస్తరా?"

దానికి జవాబు నాకు తెలుసు. ఎమ్మే రెండో ఏడాదిలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. చెయ్యరు. చెయ్యకూడదన్న భయమే ఆ జబ్బు, ఎవరి మీద ప్రాణమో వాళ్ల మీదే ఆ భయం వస్తుంది, మందులున్నాయి, తగ్గుతుంది. రెండు ముక్కల్లో అయిపోయే జవాబు. కానీ నియమం ఉంది కదా.

"చివర్లో చెప్తాను ఆంటీ, ఇంకా ఏడే ఉన్నాయి" అన్నాను.

మిగిలిన ఏడింటికీ ఆమె "మంచిగనే ఉంది" అని మాత్రమే అంది. అలసిపోయిందనుకున్నాను. ఇరవయ్యోది అవుతుండగా ఎవరో చీరకు ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చారు, నాకు క్లినిక్ నుంచి ఫోను వచ్చింది. కాగితాలు సర్దుకుని, "థాంక్యూ ఆంటీ, మీరు లేకపోతే నా పనయ్యేది కాదు" అని చెప్పి బయటపడ్డాను. చివర్లో చెబుతానన్నది చెప్పలేదు. మర్చిపోయాను. ఇంతకన్నా పెద్ద కారణమేదైనా ఉందా అని చాలాసార్లు వెతికాను. ఏమీ లేదు, ఒట్టి మర్చిపోవడం.

అయిదు రోజులకు తొట్టెల. మా వైపు బారసాలకు దగ్గరగా ఉంటుంది గానీ వీళ్లు ఇరవైఒకటో రోజున చేస్తారు, మనిషి మీద మనిషి వస్తారు. నన్నూ అమ్మనూ పిలిచారు. సందులోనే షామియానా వేశారు, తొట్టెకు బంతిపూలు చుట్టారు. పిల్లను అమ్మమ్మ ఎత్తుకుని తొట్టెలో వెయ్యాలి. ఆంటీ ముందుకు రాలేదు. "నడుం పట్టింది, వంగలేను" అని దూరంగా, వంటవాళ్ల దగ్గర నిలబడింది. కూతురు రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు. వియ్యపురాలు వచ్చి పిల్లను తీసుకుని తొట్టెలో వేసి, వెనక్కి తిరిగి తమవాళ్లతో ఏదో అంది. నేను బగారా అన్నం తింటూ ఇదంతా చూశాను.

ఇంటికొస్తూ మా అమ్మతో, "చూశావా అమ్మా, ఆడపిల్లని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. ఈ రోజుల్లో కూడానా!" అన్నాను.

"నీకు చనువుంది కదే, చదువుకున్నదానివి, నువ్వు చెబితే వింటుంది" అంది అమ్మ.

చెప్పాను. అదొక్కటే మర్చిపోకుండా చేశాను. మరుసటి వారం జాకెట్ల కోసం వెళ్లి, స్టూలు మీద కూర్చుని, "ఆడపిల్లయితే ఏమైంది ఆంటీ, మీరూ ఆడవాళ్లే కదా" అని పావుగంట ఉపన్యాసం దంచాను. ఆమె మిషను కేసి చూస్తూ వింది. "అవును బిడ్డా" అంది. అయిదో నెలదాకా ఉండవలసిన కూతురు మూడో నెల రాకుండానే వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు సందులో అందరూ వినేట్టు, "నా బిడ్డ నీకు బరువైతే, నేను కూడ బరువే" అని వెళ్లిందని మా అమ్మ చెప్పింది. ఆ తర్వాత ఆ అమ్మాయి పుట్టింటి గడప తొక్కలేదు. మంచి పని చేసిందనుకున్నాను నేను.

ఇక్కడ ప్రశ్నావళికి మంచి రోజులు వచ్చాయి. పదమూడో ప్రశ్న కింద ఆంటీ చెప్పిన ఉదాహరణను, యాస కాస్త మార్చి, దాదాపు అలాగే పెట్టాం. "ఇది ఎక్కడ పట్టావమ్మా!" అని డాక్టరుగారు మురిసిపోయారు. "మా టైలరమ్మ చెప్పింది సార్" అన్నాను గొప్పగా. ఆమె ఎవరని ఆయన అడగలేదు, ఫారం మీద పేరు బదులు అంకె ఉంటుంది కాబట్టి నేనూ చెప్పలేదు. ఈలోగా పండ్ల మార్కెట్ బాటసింగారం పోయింది. ఆంటీ భర్తకు రోజూ అంత దూరం ట్రాలీ నడపడం కష్టమై, హయత్‌నగర్‌లో చవకగా కిరాయికి దొరికిందని ఇల్లు మారిపోయారు. మా అమ్మ ఇంకో టైలరును చూసుకుంది.

మూడేళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం, ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేస్తున్న ఒకాయన క్లినిక్‌కు వచ్చాడు. ఆయనకు నెలల బాబు. కౌంటరు పక్కన కుర్చీలో కూర్చుని ఫారం నింపుతూ పదమూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. ఎంతసేపటికీ కదలకపోతే దగ్గరికి వెళ్లాను. మనిషి ఏడుస్తున్నాడు.

"ఇది ఎవరు రాశారండీ?" అని అడిగాడు.

"మేమేనండీ, ఇక్కడే."

"మీరు కాదు లెండి" అన్నాడు, మర్యాదగానే. "'కత్తెర దాచినా చేతులు ఉంటాయి కదా' అన్న మాట పైనుంచి చూసేవాళ్లకు రాదు. అనుభవిస్తున్నవాళ్లెవరో చెప్పి ఉంటారు."

ఆయన్ని లోపలికి పంపి, బీరువాలోంచి పాత ఫారాలు తీశాను. నా చేతిరాతే. మూడో గడి నిండా ఆమె మాటలు. అడుగున నేనే రాసుకున్న వ్యాఖ్య: "చాలా సహకరించారు. మంచి ఉదాహరణలు ఇచ్చారు." అటక మీది కత్తెర, ఆగిన చక్రం, వంటవాళ్ల దగ్గర నిలబడిన మనిషి, పావుగంట నా ఉపన్యాసం, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

మా అమ్మ ఫోనులో నంబరు ఇంకా ఉంది. మర్నాడే హయత్‌నగర్ వెళ్లాను. ఆంటీ చిక్కిపోయింది. కుట్టు మానేసి, రెడీమేడ్ బట్టలకు గుండీలు కుట్టే పని చేస్తోంది. నన్ను చూసి సంబరపడి టీ పెట్టబోయింది. వద్దని కూర్చోబెట్టాను. ఎలా మొదలుపెట్టాలో దారి పొడుగునా అనుకున్నదంతా ఎటో పోయింది.

"ఆంటీ, అప్పుడు మీరు నాకు చెప్పింది, కత్తెర, పిల్ల... అది మీ సంగతేనా?"

ఆమె చేతిలో చొక్కాను మడత పెట్టింది. ఇంకో చొక్కా తీసి, దాన్నీ మడత పెట్టింది.

"ఇన్నేండ్లకు అడిగినవా బిడ్డా" అంది. "నువ్వు చివరికి చెప్తా అన్నవ్. మర్సిపోయినవేమో, మల్ల ఒస్తవేమో అని తొట్టెల దినం దాక చూసిన. తొట్టెల దినం కూడ నీ దిక్కే చూసిన. నువ్వు తింటున్నవ్."

ఏడవకూడదని గట్టిగా అనుకుని వెళ్లాను. ఏడ్చాను. ఏడుస్తూనే, "చెయ్యరు ఆంటీ" అన్నాను.

"ఏంది?"

"మీరు అడిగారు కదా, అలాంటివాళ్లు నిజంగా చేస్తారా అని. చెయ్యరు. మీరు ఎప్పటికీ చెయ్యరు. అదొక జబ్బు, తగ్గుతుంది."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "జబ్బేనా?" అని అడిగింది. "పాపం అనుకున్న. ఏ జన్మల చేసిన పాపమో, రాక్షసినైన అనుకున్న." కొంగు దించి, "గీ మాట అప్పుడే చెప్తే పోయేది కద బిడ్డా" అంది. కోపంగా అంటే బాగుండేది. నిజంగానే అర్థం కాక అడిగినట్టు అంది.

ఆ వారమే క్లినిక్‌కు తీసుకెళ్లాను. డాక్టరుగారికి జరిగినదంతా చెప్పాను. ఆ మర్నాటి నుంచి, కొత్త ప్రశ్నావళుల మాటల్ని పరీక్షించే మా కాగితంలో నాలుగో గడి వచ్చింది: "ఇందులో ఏదైనా మీకు ఉందా?" మందులు మొదలయ్యాయి. ఆపైన వారం వారం చేతిలో కత్తెర పట్టుకుని కూర్చోవడం, భయం ఎగిసి మళ్లీ దానంతటదే దిగేదాకా కదలకుండా ఉండడం అన్న సాధన. మొదటి రోజు రెండు నిమిషాలు కూడా ఉండలేకపోయింది. నెలలు పట్టింది. ఒకనాడు క్లినిక్‌కు వస్తూ మా అమ్మకు జాకెట్ కుట్టి తెచ్చింది, తనే కత్తిరించి. కొలతలు అడగలేదు, సరిగ్గా సరిపోయింది.

కూతురికి చెప్పమని ఆమే నన్ను అడిగింది. తను చెబితే నమ్మదని భయం. బడంగ్‌పేట్‌లో కూతురి ఇంటికి ఇద్దరం వెళ్లాం. దారిలో బిస్కెట్లు కొంది, బొమ్మ కొంది, ఆటోలో వాటిని పదిసార్లు సర్దుకుంది. నేను మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, నా తప్పుతో సహా. కూతురు మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, తను తలుపు దగ్గరే నిలబడి వింది. అంతా అయ్యాక తల్లిని చూసి, "నేను ఇన్నేండ్లు నిన్ను ఎన్ని తిట్టిననో నీకు తెల్వదమ్మా" అని, ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. ఆంటీ ఆమె జుట్టు నిమురుతూనే ఉంది గానీ కళ్లు మాత్రం తలుపు సందులోంచి తొంగి చూస్తున్న పిల్ల మీదే ఉన్నాయి.

పిల్లకు నాలుగో ఏడు. రెండు పిలకలు, ముందు పన్ను కొంచెం విరిగింది. కూతురు కళ్లు తుడుచుకుని, "రా బిడ్డా, అమ్మమ్మ ఒచ్చింది చూడు" అంది. ఆంటీ రెండు చేతులూ చాపింది. ఆ చేతులు వణకలేదు. ఆరు నెలలుగా వాటిని తయారు చేసుకుంది దీని కోసమే. పిల్ల ఆ చేతుల్ని చూసింది, ముఖాన్ని చూసింది, తల్లి వెనక్కి వెళ్లి ఆమె చీరలో ముఖం దాచుకుంది.

"అమ్మమ్మే, పో" అని తల్లి ముందుకు తోసింది.

"నాకు తెల్వదు ఈమె" అని ఆ పిల్ల గట్టిగా అంది.

"జబర్దస్తీ చెయ్యకు" అంది ఆంటీ. చేతులు వెంటనే దించలేదు. బొమ్మ చూపించింది, బిస్కెట్ పొట్లం విప్పింది. పిల్ల ఏదీ తీసుకోలేదు. ఈలోగా నా ఫోను మోగింది. ఆ వెలుగు చూసి పిల్ల తల్లి చాటు నుంచి బయటికొచ్చింది. "ఇందుల బొమ్మలొస్తయా?" అని అడుగుతూ నా దగ్గరికొచ్చి, ఎన్నాళ్లుగానో తెలిసినదాన్ని పట్టుకున్నట్టు నా మోకాలు పట్టుకుని ఎక్కి, నా ఒళ్లో కూర్చుంది.

దాన్ని దించలేకపోయాను. పట్టుకోనూ లేకపోయాను. రెండు చేతులూ గాలిలో పెట్టుకుని కూర్చున్నాను. పిల్ల వెచ్చగా, బరువుగా ఉంది. తల నా గుండెకు ఆనించింది. ఎదురుగా ఆంటీ మా ఇద్దరినీ చూస్తూ, "పట్టుకో బిడ్డా, పడ్తది" అంది నాతో.